బిడ్డను చూపించే మనిషి ఏడీ?

కుటుంబ న్యాయస్థానాల్లో పిల్లల విషయమై వెలువడే ఉత్తర్వులు నాలుగైదు చదివినవారికి ఒక వాక్యం కంఠస్థమై ఉంటుంది. ప్రతి నెల మొదటి, మూడవ శనివారాల్లో ఉదయం పదకొండు గంటల నుండి మధ్యాహ్నం ఒంటి గంట వరకు తండ్రి తన బిడ్డను న్యాయస్థాన ఆవరణలో చూచుకొనవచ్చును, తల్లి బిడ్డను తీసుకొని రావలెను అన్నది ఆ వాక్యం. వినడానికి న్యాయంగానే ఉంది. అయితే ఆ ఆవరణలో ఎక్కడ? ఎవరి సమక్షంలో? బిడ్డ గుక్కపట్టి ఏడిస్తే ఎవరు ఎత్తుకోవాలి? తండ్రి మందు వాసనతో వస్తే ఎవరు వెనక్కి పంపాలి? మేనమామలు గేటు దగ్గర నిలబడి పళ్లు కొరుకుతుంటే వారికి ఎవరు చెప్పాలి? వీటిలో ఏ ఒక్కదానికీ ఉత్తర్వులో జవాబు ఉండదు. మన ఇళ్లలోని పిల్లలు ఆ జవాబు లేని రెండు గంటల్లో నెలకు రెండుసార్లు నిలబడుతున్నారు.

ఈ వ్యాసకర్త ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో ఫైళ్లు నడిపిన గుమాస్తా. ఏ పని జరగాలన్నా ఉత్తర్వు ఒక్కటే చాలదనీ, దానికి ఒక మనిషి, ఒక గది, ఒక పద్దు, ఒక రిజిస్టరు ఉండాలనీ గుమాస్తాకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఈ నాలుగూ లేని ఉత్తర్వు కాగితం మీద అమలవుతుంది, మనుషుల మీద అమలు కాదు. ఉద్యోగ విరమణ తరువాత మా పట్టణంలోని ముస్లిం కుటుంబాల వెంట కుటుంబ న్యాయస్థానానికీ, బాలల సంక్షేమ కమిటీకీ, బాలల గృహాలకూ తిరుగుతూ చూసినదంతా ఇదే. విడిపోయిన తల్లిదండ్రులు బిడ్డను కలిసే సమయంలో పక్కన ఉండి, బిడ్డను కనిపెట్టుకొని, జరిగినది ఉన్నది ఉన్నట్లు రాసే శిక్షణ పొందిన సహాయకుడు గానీ సహాయకురాలు గానీ లేరు. ఆ ఉద్యోగాన్ని సృష్టించకపోవడం ప్రభుత్వం చేస్తున్న తప్పు. సృష్టించమని అడగకపోవడం, పైగా అటువంటి మనిషిని మన గడప తొక్కనివ్వకపోవడం మనం చేస్తున్న తప్పు. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో పెట్టి మాట్లాడదలచాను. కొందరు పెద్దలకు కోపం రావచ్చు. రానివ్వండి.

ముందుగా వరండా సంగతి. న్యాయస్థానాల్లో టైపు మిషన్లు, నోటరీ బల్లలు, జిరాక్సు దుకాణాలు ఉండే వరండా ఉంటుంది. 'న్యాయస్థాన ఆవరణ' అంటే చాలాచోట్ల అదే. అయిదేళ్ల పాప, చేతిలో బిస్కెట్ పొట్లంతో తండ్రి, పది గజాల దూరంలో తల్లి, ఆమె వెనుక ఇద్దరు అన్నలు, ఇటువైపు తండ్రి తమ్ముడు. ఇరువైపులా ఫోన్లు పైకి లేచి వీడియోలు తీస్తుంటాయి. ఎవరు ఏం అన్నా రేపు సాక్ష్యమవుతుందని ఎవరూ ఏమీ అనరు. పాప తండ్రి ముఖం చూడదు, ఫోన్లను చూస్తుంది. పక్కనే సంకెళ్లతో ఒక ముద్దాయిని కానిస్టేబుల్ నడిపించుకొని పోతాడు. ఒంటి గంటకు బంట్రోతు వచ్చి టైమయిందంటాడు. అతడి మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు, అతడి ఉద్యోగం అది కాదు. పాప ఇంటికి చేరాక అసలు విచారణ మొదలవుతుంది. నాన్న ఏమడిగాడు, నానమ్మ గురించి ఏం చెప్పాడు, ఫోన్ నంబరు ఇచ్చాడా అని వారమంతా ఇంట్లో క్రాస్ ఎగ్జామినేషన్. ఇలాంటి శనివారాలు నాలుగు గడిచాక పాపకు శుక్రవారం రాత్రి జ్వరం వస్తుంది. జ్వరం వచ్చింది కనుక తీసుకురాలేదని తల్లి వకీలు మెమో వేస్తాడు, కావాలనే దాచారని తండ్రి వకీలు ధిక్కార పిటిషన్ వేస్తాడు. జ్వరం మాత్రం నిజమైనదే.

చట్టంలో లోపమా అంటే, మాటలకు అక్కడ కొదవ లేదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పదిహేడవ సెక్షన్ మైనరు సంక్షేమాన్ని ప్రమాణంగా పెట్టింది, బిడ్డకు తెలివి వచ్చిన వయసైతే బిడ్డ ఇష్టాన్ని కూడా పరిగణించవచ్చునన్నది. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికను సంరక్షక, కస్టడీ చట్టాల సంస్కరణకే కేటాయించింది. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు కస్టడీ ఒకరికి ఇచ్చినా రెండవవారికి తగినంత సందర్శన హక్కు ఉండాలని, దూరాన ఉన్నవారు వీడియో కాల్ ద్వారానైనా బిడ్డతో మాట్లాడగలగాలని చెప్పింది. భారతదేశం 1992లో చేరిన ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక తొమ్మిదవ అధికరణం ఇంకొంచెం లోతుకు వెళ్లింది. తల్లిదండ్రులను కలుసుకుంటూ ఉండడాన్ని అది బిడ్డ హక్కుగా చూసింది, బిడ్డ మేలుకు విరుద్ధమైతే తప్ప దానిని కాదనరాదన్నది. ఈ తేడాను మన వకీళ్లు, మన పెద్దలు గమనించాలి. తండ్రికి చూసే హక్కు, తల్లికి చూపించని హక్కు అని మనం కొట్టుకుంటున్నాం. హక్కు మూడవ మనిషిది. ఆ మనిషికి అయిదేళ్లు.

ఇక 1984 కుటుంబ న్యాయస్థానాల చట్టం. సాంఘిక సంక్షేమంలో పనిచేసే సంస్థలను, వ్యక్తులను న్యాయస్థానంతో అనుసంధానించే నియమాలు చేయడానికి అయిదవ సెక్షన్ రాష్ట్ర ప్రభుత్వానికి అధికారమిచ్చింది. ఆరవ సెక్షన్ కౌన్సిలర్లను, ఇతర సిబ్బందిని ఏర్పాటు చేయమన్నది. పన్నెండవ సెక్షన్ కుటుంబ సంక్షేమంలో వృత్తిరీత్యా పనిచేసేవారి సేవలను, సాధ్యమైతే స్త్రీల సేవలను, న్యాయమూర్తి తీసుకోవచ్చునన్నది. నలభై ఏళ్ల కిందటనే తలుపు తీసి పెట్టారు. ఆ తలుపులోంచి నడిచి వెళ్లవలసిన మనిషికి హోదా, జీతం, కుర్చీ లేవు. నేను తిరిగిన చోట్ల ఉన్న కౌన్సిలర్లకు రాజీ ప్రయత్నాలతోనే రోజు గడిచిపోతుంది. సందర్శనను దగ్గరుండి చూడడం వారి పనిలో చివరి పని.

కొత్త పోస్టులకు డబ్బేదీ అని ప్రభుత్వం అనబోదని కాదు. లైంగిక నేరాలకు గురైన బాలల కోసం 2020 పోక్సో నియమాలు 'సపోర్ట్ పర్సన్'ను ఏర్పాటు చేశాయి. దర్యాప్తు మొదలు విచారణ ముగిసేదాకా బిడ్డకు తోడుండే మనిషి అన్నమాట. ఆ మనిషికి ప్రతిఫలం కూడా చెల్లించాలన్నారు. ఆ వ్యవస్థను సక్రమంగా నడపమని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలకు ఆదేశాలిచ్చింది. అంటే బిడ్డ పక్కన ఒక శిక్షణ పొందిన మనిషి నిలబడాలన్న ఆలోచన మన చట్టానికి పరాయిది కాదు, దానికి పద్దు పెట్టడం అసాధ్యమూ కాదు. నేరం జరిగిన తరువాత తోడు పంపే ప్రభుత్వం, నేరం జరగకుండా ఉండవలసిన రెండు గంటలకు తోడు ఎందుకు పంపదు?

ఈ పని ఎలాంటిదో మనలో చాలామందికి తెలియదు. బిడ్డను పట్టుకొని కూర్చోవడమే కదా, ఎవరైనా చేస్తారులే అనుకుంటారు. నాకు తెలిసిన ఒక అమ్మాయి, మన అమ్మాయే, సోషల్ వర్క్‌లో ఎం.ఏ. చదివింది. గౌరవ వేతనం మీద ఈ పనికి దగ్గరగా ఉండే పని చేస్తోంది. ఆమె వెంట కొన్ని శనివారాలు కూర్చున్నాను. సంచిలో రంగు పెన్సిళ్లు, తెల్లకాగితాలు, ఒక బంతి, తడిగుడ్డల ప్యాకెట్టు. అన్నీ తన డబ్బుతో కొన్నవే. తల్లినీ తండ్రినీ ఒకే సమయానికి రమ్మనదు. బిడ్డతో తల్లి పదిహేను నిమిషాలు ముందు వస్తుంది, బిడ్డను అప్పగించి వేరే వైపు వెళ్తుంది, ఆ తరువాతే తండ్రి లోపలికి వస్తాడు. వెళ్లేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది. ఇద్దరూ ఎదురుపడితే బిడ్డ ఎవరి వైపు చూడాలో తెలియక నేల చూస్తుందని ఆమె అంటుంది. బిడ్డ మాట తనకు వినబడేంత దగ్గరగా ఉంటుంది, ఆటలో అడ్డం పడేంత దగ్గరగా ఉండదు. అమ్మ ఎవరితో ఫోన్‌లో మాట్లాడుతోంది అని తండ్రి అడగబోతే ఆ ప్రశ్నను అక్కడే ఆపుతుంది. ఒకరి కబురు మరొకరికి చేరవేయదు, డబ్బు కవరు చేతిలో పెట్టబోతే తీసుకోదు. వచ్చే శనివారం తప్పకుండా వస్తానని తండ్రి బిడ్డకు మాట ఇవ్వబోతే, రాగలిగితేనే చెప్పండి భాయ్ అంటుంది. రాని శనివారం బిడ్డ గేటు వైపు చూసిన చూపు ఆమెకు తెలుసు.

అన్నింటికన్నా కష్టమైనది రాయడం. ఒకనాడు ఆమె నోటు పుస్తకంలోకి తొంగిచూసి, "తండ్రి ప్రేమగా మెలిగాడు అని రాయవచ్చు కదమ్మా" అన్నాను. "అలా రాయకూడదు చాచా. తండ్రి వంగి పాప చెప్పు పట్టీ పెట్టాడు, పాప అతడి భుజం మీద చేయి వేసింది అని రాయాలి. ప్రేమో కాదో జడ్జిగారు చూసుకుంటారు" అన్నది. జీవితమంతా నోట్ ఫైళ్లు రాసిన నాకు ఆ మాట బాగా నచ్చింది. మన ప్రభుత్వ కార్యాలయాల్లో రాసే నివేదికల్లో సగం ఈ పద్ధతిలో ఉంటే ఎన్ని కొంపలు నిలబడేవో! 'ప్రవర్తన సంతృప్తికరం', 'ప్రవర్తన అనుమానాస్పదం' అనే రెండు ముక్కలతో ఒక తండ్రికి బిడ్డను దూరం చేయవచ్చు, ఒక దుర్మార్గుడికి బిడ్డను అప్పగించనూ వచ్చు. చూసినది చూసినట్లు రాసే మనిషి ఉంటే ఇరుపక్షాల ఫోన్ వీడియోల అవసరం ఉండదు. ఆ మనిషిని మాత్రం ఇద్దరూ తిడతారు. తల్లి తరపువారు తండ్రికి అమ్ముడుపోయిందంటారు, తండ్రి తరపువారు ఆడదాని పక్షమంటారు. ఆమెను బస్టాండు దాకా వెంబడించినవారు కూడా ఉన్నారు. గౌరవ వేతనం మూడు నెలలకొకసారి వస్తే వచ్చినట్లు. బస్సు చార్జీ ఆమెదే. దీనిని సేవ అని పొగిడేవారిని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. న్యాయమూర్తి చేసేది సేవ కాదు, జీతం తీసుకొని చేసే బాధ్యత. బిడ్డ పక్కన కూర్చునే మనిషికి మాత్రం సేవ సరిపోతుందా? జీతం లేని చోట జవాబుదారీ ఉండదు. ఎక్కడ జవాబుదారీ లేదో అక్కడ బిడ్డ క్షేమాన్ని అదృష్టానికి వదిలిపెట్టినట్లే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ప్రతి తండ్రీ బిడ్డను కలవవలసిందేనని నేను అనడం లేదు. పెళ్లాన్ని చావబాదినవాడు, బిడ్డ ఒంటి మీద చేయి వేసినవాడు నాకూ హక్కుంది అని ఊగిపోతే నమ్మే అమాయకత్వం నాకు లేదు. ఆడవాళ్లు పెట్టే కేసులన్నీ అబద్ధాలేనంటూ తిరిగే మగవారి సంఘాలతో నాకు పొత్తు లేదు. కొన్ని సందర్భాల్లో కలయిక అసలే వద్దు. కానీ వద్దో, కావాలో, ఎంతవరకో తేల్చడానికి ఆధారం ఏది? పర్యవేక్షణలో జరిగిన పది సందర్శనల నోటు పుస్తకం ఉంటే న్యాయమూర్తికి కళ్లు వచ్చినట్లవుతుంది. లేకపోతే ఆయన ముందు ఉండేవి రెండు అఫిడవిట్లు, రెండూ వకీళ్లు రాసినవి.

ఇప్పుడు మన విషయానికి ప్రత్యేకమైన సంగతులు. 2019 నాటి ముస్లిం మహిళల (వివాహ హక్కుల పరిరక్షణ) చట్టం ఒకేసారి మూడుమార్లు తలాక్ చెప్పిన భర్తకు మూడేళ్ల దాకా జైలు అన్నది. ఆరవ సెక్షన్‌లో మైనరు పిల్లల కస్టడీ తల్లికి చెందుతుందనీ, దాని విధానాన్ని మేజిస్ట్రేటు నిర్ణయిస్తారనీ చెప్పింది. జైలుకు పోయిన తండ్రిని బిడ్డ ఎక్కడ చూడాలి, చూసేటప్పుడు పక్కన ఎవరుండాలి అన్న దానికి ఆ చట్టంలో ఒక్క అక్షరం లేదు. ముస్లిం స్త్రీ మీద అంత దయ చూపిన పార్లమెంటు ముస్లిం బిడ్డ శనివారం గురించి ఆలోచించలేదు. శిక్షించేటప్పుడు మనం ప్రత్యేకంగా కనిపిస్తాం, సౌకర్యం కల్పించేటప్పుడు కనిపించం.

భాష సంగతి ఇంకా చేదుగా ఉంటుంది. ఒక బాలల గృహంలో నెలకొకసారి కలిసే రోజున ఒక తల్లి తన కొడుకుతో ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే మాట్లాడింది. పక్కన కూర్చున్న ఉద్యోగి, మాకు అర్థం కావాలి, తెలుగులో మాట్లాడండి అన్నాడు. ఆమెకు బజారు తెలుగు వచ్చు. కూరగాయల బేరానికి సరిపోయే తెలుగు అది. నాలుగు వారాలుగా చూడని బిడ్డను ఒళ్లోకి తీసుకునే తెలుగు ఆమె దగ్గర లేదు. మిగిలిన సమయమంతా ఆమె కొడుకు తల నిమురుతూ కూర్చున్నది. తరువాత ఫైలులో తల్లీబిడ్డల మధ్య సంభాషణ పెద్దగా లేదని రాసి ఉంది. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో ఉర్దూను రాష్ట్రమంతటా రెండవ అధికార భాషగా చేశారు. బోర్డుల మీద రాయించుకొని సంబరపడ్డాం. అధికార భాషలో ఒక తల్లి తన కొడుకును తిన్నావా బేటా అని అడగకూడదట! తెలుగే మాతృభాషగా ఉన్న దూదేకుల సోదరుల ఇళ్లలో ఈ చిక్కు రాదు, నిజమే. కానీ రాయలసీమలో, హైదరాబాదు పాతబస్తీలో, కోస్తా పట్టణాల్లో ఉర్దూ ఇంటిభాషగా ఉన్న కుటుంబాల సందర్శనను కనిపెట్టి చూడడానికి ఉర్దూ వచ్చిన సహాయకురాలు ఉండాలనడం గొంతెమ్మ కోరిక కాదు. బాలల హక్కుల ఒడంబడిక ఇరవయ్యవ అధికరణం కుటుంబానికి దూరమైన బిడ్డ మతం, భాష, సంస్కృతి తెగిపోకుండా చూడమంటుంది. రంజాన్ నెలలో ఉపవాసంతో ఉన్న తల్లికి మధ్యాహ్నం మూడు గంటలకు సమయమివ్వకుండా ఉదయం ఇవ్వడం, పండుగ మరునాడు ఒక గంట కలవనివ్వడం, ఇంటి నుండి తెచ్చిన సేమ్యాను బిడ్డకు తినిపించనివ్వడం. వీటికి చట్ట సవరణ అక్కరలేదు, తెలిసిన మనిషి ఉంటే చాలు.

బాలల సంక్షేమ కమిటీ అంటేనే మనవారు భయపడుతున్నారు. ఆ భయం ఊరికే పుట్టలేదు. 2023 మే నెలలో బీహారు నుండి మహారాష్ట్ర మదర్సాలకు రైలులో వెళ్తున్న 59 మంది పిల్లలను భుసావల్, మన్మాడ్ స్టేషన్లలో దింపారు, వెంట ఉన్న అయిదుగురిని పిల్లల అక్రమ రవాణా నేరం కింద అరెస్టు చేశారు, పిల్లలను వసతి గృహాలకు పంపారు. 2024 మార్చిలో కేసు మూసివేశారు, అపార్థం వల్ల పెట్టినదని తేలింది. గడ్డం, టోపీ కనిపిస్తే రక్షించవలసిన పిల్లలు కనిపించే చూపు ఒకటి ఈ దేశంలో తయారయింది. పేదరికాన్ని నిర్లక్ష్యంగా చదివే చూపు దానికి తోబుట్టువు. రేకుల ఇల్లు, ఆరుగురు పిల్లలు, రాత్రి పనికి పోయే తండ్రి, ఇంతే, బిడ్డ అక్కడ ఉండరాదని రాసేస్తారు. 2015 బాల న్యాయ చట్టం మూడవ సెక్షన్ మాత్రం బిడ్డను సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయవలసిన పని అంటోంది.

ఈ భయానికి మందు తలుపులు వేసుకోవడం కాదు. అదే చట్టం 27వ సెక్షన్ ప్రకారం కమిటీలో అధ్యక్షుడితో పాటు నలుగురు సభ్యులు ఉంటారు. సంబంధిత విషయంలో డిగ్రీ ఉండి పిల్లల ఆరోగ్యం, విద్య, సంక్షేమ రంగాల్లో ఏడేళ్లు పనిచేసినవారు గానీ, న్యాయశాస్త్రం, సోషల్ వర్క్, మనస్తత్వశాస్త్రం వంటివి చదివి వృత్తిలో ఉన్నవారు గానీ అర్హులు. నోటిఫికేషన్లు వస్తాయి, గడువులు పోతాయి. మిషన్ వాత్సల్య కింద జిల్లా బాలల పరిరక్షణ విభాగాల్లో కౌన్సిలర్లు, సోషల్ వర్కర్లు, క్షేత్ర సిబ్బంది కావాలంటారు. మనలో ఎందరు దరఖాస్తు చేశారు? మన ఇళ్లలో డిగ్రీలు చేసిన ఆడపిల్లలు ఎందరో ఉన్నారు. పెళ్లి సంబంధం వచ్చేదాకా చదివించి ఆ తరువాత సర్టిఫికెట్లను ట్రంకు పెట్టెలో పెట్టిస్తున్నాం. ఆ తరువాత కమిటీలో మనవారు ఒక్కరూ లేరని సభలు పెడుతున్నాం.

ఇక జమాఅతు పెద్దల అభ్యంతరాలు. ఇంటి గుట్టు బయటివారి ముందు పెట్టడమేమిటంటారు. టైపిస్టులు, ముద్దాయిలు, టీ కుర్రాళ్లు చూస్తుండగా వరండాలో నిలబెట్టినప్పుడు ఆ గుట్టు ఎక్కడ మిగిలింది? తండ్రి వలీ, వలీకీ బిడ్డకూ మధ్య మూడవ మనిషి కూర్చోవడం షరీఅతులో లేదంటారు. హనఫీ ఫిఖ్‌హ్‌లో మగబిడ్డకు ఏడేళ్లు వచ్చేదాకా, ఆడపిల్ల యుక్తవయసుకు వచ్చేదాకా హిజానత్ తల్లిదని ఇదే పెద్దలు కన్వీనియెంటుగా మరచిపోతారు. బఖరా సూరా 233వ ఆయతు బిడ్డను అడ్డం పెట్టుకొని తల్లిని గానీ తండ్రిని గానీ బాధించడాన్ని కాదన్నది. నిసా సూరా 35వ ఆయతు ఆలుమగల మధ్య చీలిక వస్తుందన్న భయం కలిగితే ఇరువైపుల నుండీ ఒక్కొక్క మధ్యవర్తిని పెట్టమన్నది. మూడవ మనిషి ఉండడం అల్లాహ్ గ్రంథమే నేర్పిన పద్ధతి. తల్లీ తండ్రీ బిడ్డ కోసం తగవుపడి దైవప్రవక్త (స) సముఖానికి వచ్చిన సందర్భంలో ఆయన ఆ బాలుడినే ఎంచుకోమన్నారని హదీసు సంకలనాల్లో ఉంది. బాలుడు తల్లి చేయి పట్టుకున్నాడు. మన మస్జిదు కమిటీల్లో ఏ బిడ్డనైనా అడిగినవారున్నారా?

అడగకపోగా బిడ్డకు వెల కడుతున్నారు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, రాయక తప్పదు. మెహర్ వదులుకుంటే బిడ్డను నీ దగ్గర ఉంచుతాం. ఖులా కావాలంటే బిడ్డ ఖర్చు అడగనని సంతకం పెట్టు. కేసు ఉపసంహరించుకుంటే ఈదుకు బిడ్డను పంపుతాం. స్టాంపు కాగితం మీద అయిదుగురు పెద్దమనుషుల సంతకాలతో ఇలాంటి ఒప్పందాలు నేను చదివాను. ఆ అయిదుగురిలో ఒక్క స్త్రీ లేదు. తండ్రులు ముఖం చూపించలేదు కనుక ఖర్చు ఇవ్వనంటారు, తల్లులు ఖర్చు ఇవ్వలేదు కనుక ముఖం చూపించనంటారు. పోషణ ఖర్చు, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహిత 144వ సెక్షన్ కింద గానీ షరీఅతు కింద గానీ, బిడ్డకు రావలసిన బాకీ. సందర్శన బిడ్డకు రావలసిన మరొక బాకీ. ఒక బాకీ ఎగవేసినందుకు రెండవ బాకీ ఎగవేయడం ఏ లెక్కల పుస్తకంలో ఉంది? పర్సనల్ లా మీద ఎవరైనా చేయి వేస్తే వీధుల్లోకి వచ్చే మనం, ఆ లా బిడ్డకు ఇచ్చిన దానిని మన గదుల్లోనే వేలం వేస్తున్నప్పుడు నోరు మెదపం. ఇది కపటం. ఇంతకన్నా మెత్తని మాట నాకు దొరకలేదు.

బ్రిటన్‌లో 'కాంటాక్ట్ సెంటర్' అని ఒక ఏర్పాటు ఉంది. వాటిలో చాలా కేంద్రాలు చర్చి హాళ్లలో నడుస్తాయి. అక్కడ రెండు రకాలుగా విడదీసుకున్నారు. ప్రమాదం లేని కుటుంబాలకు ఒకే హాలులో నలుగురైదుగురు కలిసి కూర్చునే సాయపు కలయిక. దానికి శిక్షణ పొందిన స్వచ్ఛంద కార్యకర్తలు చాలు, నివేదికలు రాయరు. ప్రమాదం ఉందనుకున్న చోట ఒక్కొక్క కుటుంబానికి ఒక్కొక్క సహాయకుడు పక్కనే ఉండి, ప్రతి మాటా విని, నోట్సు రాసే పర్యవేక్షణ కలయిక. ఈ విభజన మనకు అక్కరకు వస్తుంది. మొదటి రకం మనమే నడపగలం. రెండవది ప్రభుత్వమే నడపాలి, దానికి జీతం, పోలీసు వెరిఫికేషన్, శిక్షణ, న్యాయస్థానానికి జవాబుదారీ ఉండాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ 1987 చట్టం పన్నెండవ సెక్షన్ కింద స్త్రీలకూ పిల్లలకూ ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇస్తోంది, పారాలీగల్ వాలంటీర్లను పెట్టుకొంటోంది. మొదటి పద్దును అక్కడి నుండే అడగవచ్చు.

మన దగ్గర చర్చి హాళ్లకు దీటుగా ప్రభుత్వ సొమ్ముతో కట్టిన షాదీఖానాలు ఉన్నాయి. కావలసినది పెద్ద భవనం కాదు. రెండు తలుపులున్న ఒక గది, మరొక చిన్న గది, చాపలు, కుళాయి, శుభ్రమైన మరుగుదొడ్డి, నాలుగు ఆటవస్తువులు, ఒక రిజిస్టరు. గేటు దగ్గర ఎవరి తమ్ముళ్లనూ నిలబడనివ్వని ఒక కాపలాదారు.

ఈ సంచిక చదివే కార్యకర్తలు మీ జిల్లా కుటుంబ న్యాయస్థానంలో సందర్శన ఎక్కడ జరుగుతోంది, పక్కన ఎవరుంటున్నారు, ఆ మనిషికి ఉర్దూ వచ్చునా, జీతం ఏ పద్దు నుండి వస్తోంది అన్న నాలుగు ప్రశ్నలు సమాచార హక్కు కింద అడిగి, వచ్చిన జవాబులను పత్రికకు పంపితే వినతిపత్రానికి ఆధారం దొరుకుతుంది. ప్రధాన న్యాయమూర్తులకూ, స్త్రీ శిశు సంక్షేమ శాఖకూ అది రెండు రాష్ట్రాల నుండి వెళ్లాలి. మా పట్టణంలో షాదీఖానా కమిటీకి రెండు గదుల కోసం మేము పెట్టిన అర్జీకి ఇంతవరకు రాతపూర్వకంగా జవాబు లేదు. శనివారాలు పెళ్లిళ్లు బుక్ అవుతాయన్నది నోటిమాటగా చెప్పిన అభ్యంతరం. వలీమా విందులు రాత్రి ఎనిమిదికి మొదలవుతాయి. మేము అడిగింది నెలలో రెండు శనివారాలు, పగలు పదకొండు నుండి ఒంటి గంట వరకు.